బేరమాడని చెయ్యి

ఎర్రచెలిమల ఉసేనప్పకు గొంతు పోయింది గానీ బేరం పోలేదు.

ఎడ్ల సంతల్లో దళారీగా బతికిన మనిషి. ఆదోని చుట్టుపక్కల ఏ సంతలో మంచి జత చేతులు మారినా మధ్యలో ఆయన తుండు ఉండాల్సిందే. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఆ తుండు కింద కలుసుకుని, వేళ్లతోనే ధర చెప్పుకుని, వేళ్లతోనే తగ్గించుకుని, వేళ్లతోనే తిట్టుకుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్లకు గుడ్డ కదలడం తప్ప ఏమీ తెలియదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న ఈ లోకంలో ఇద్దరినీ ఒక మాట మీదికి తేవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు, మాట పోయింది. మరికొన్నాళ్లకు పెద్దాసుపత్రివాళ్లు, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి అన్నారు. ఆ మాటకు అర్థం ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇంట్లో చూసుకోవడానికి కూతురు సుంకులమ్మ ఉంది. నొప్పి సంగతి చూసుకోవడానికి జ్ఞానసుందరి ఉంది. కాకపోతే ఆమె ఉండేది కర్నూల్లో, ఊరట కేంద్రం అనే ఒక ట్రస్టు భవనంలో. అక్కడ వరసగా బల్లలు, బల్లకో తెర, తెర ముందు మోచేతిదాకా వచ్చే ఒక తొడుగు. రోగి మంచం పక్కన పెట్టిన ఫోన్‌లో నర్సు, ఇక్కడి తెరమీద రోగి కనిపిస్తారు. నర్సు తొడుగులో చెయ్యి పెడితే, ఎక్కడో పల్లెలో రోగి మంచం మీద ఉన్న రబ్బరు చెయ్యి వెచ్చబడి కదులుతుంది. నర్సు నొక్కితే అది నొక్కుతుంది, నిమిరితే నిమురుతుంది. అటునుంచి రోగి వేళ్ల వణుకు, జ్వరం, చెమట, బిగింపు అన్నీ ఇటు తొడుగులోకి వస్తాయి. చావుకు దగ్గరైన మనిషికి మందుతో పాటు ఒక చెయ్యి కూడా కావాలని కనిపెట్టినవాళ్లకు తోచింది. ఆ తోచడం మంచిదే.

మొదటిరోజు రబ్బరు చెయ్యి కదిలేసరికి సుంకులమ్మ బల్లిని చూసినట్టు వెనక్కి గెంతింది. ఉసేనప్ప బెదరలేదు. కోడె పళ్లు చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భుజం మీది తుండు తీసి దానిమీద పరిచి, కింద తన చెయ్యి దూర్చాడు. కర్నూల్లో సుందరి వేళ్లు మూడు ఎవరో పట్టుకుని గట్టిగా కుదిపినట్టయింది. నంద్యాలలో దర్జీ కూతురిగా పుట్టి, ఎడ్ల సంత ముఖం ఎన్నడూ చూడని సుందరికి అదేమిటో అంతుబట్టలేదు. తెరమీద సుంకులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

"నిన్ను ధర అడుగుతాండాడు సిస్టరమ్మా," అంది.

ధర అంటే నొప్పి. డాక్టరు రాసిన మందు పోస్తే నొప్పి తగ్గేది గానీ, ఉసేనప్పకు మగత కమ్మేది. పొద్దున పూట ఆయనకు మగత పనికిరాదు. మాట పోయినా, ఇంకా ఎవరో ఒకరు ఎద్దును తోలుకొచ్చి అరుగు ముందు నిలబెట్టి, పెద్దాయనా కాస్త చూడు అనేవారు. ఆయన మంచం మీదినుంచే చెయ్యి చాచి బేరం తెగ్గొట్టేవాడు. అందుకని మధ్యాహ్నందాకా తెలివిగా ఉండాలి, ఆ తర్వాత మందు ఎంత పోసినా సరే. డాక్టరు ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదని గీత గీసి ఇచ్చాడు. ఆ గీతల మధ్య ఎప్పుడు ఎంతన్నది సుందరి చేతిలో పని. కాబట్టి రోజూ తుండు కింద బేరం సాగేది. ఒక వేలంటే ఓర్చుకోగలను, మూడంటే కష్టం, పిడికిలంటే ఇక నావల్ల కాదు. ఆయన రెండంటే సుందరి నమ్మేది కాదు, ఆయన వేళ్ల చెమట చూసి నాలుగంటూ మరో రెండు వేళ్లు లాగేది. చివరికి ఒకరి పిడికిలి మీద ఇంకొకరి అరచెయ్యి మూసుకుంటే బేరం కుదిరినట్టు. కుదిరాక సరుకు చేతికొచ్చేదాకా ఇద్దరూ మూడోమనిషితో నోరు విప్పకూడదు. అది సంత ధర్మం, కన్నకూతురికైనా చెప్పకూడదు. ఇక్కడ సరుకంటే మందు. సుందరి వెంటనే సుంకులమ్మను పిలిచి ఇంత మందు పొయ్యమనేది, కూతురు తండ్రి ముక్కు గొట్టంలో పోసేది, ఉసేనప్ప కళ్లు మూసుకునేవాడు.

ఇలాంటి చేతులు సుందరి రోజంతా ఎన్నో పట్టుకునేది. ఇంటికి వెళ్లాక ఆ చేతులన్నీ ఆమె వెంటే వచ్చేవి. అన్నం కలుపుతుంటే వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసే భర్త దానియేలు అది చూసి, "పప్పన్నానికి కూడా బేరమేనా? ధర ఎంత చెబుతాంది?" అని ఆటపట్టించేవాడు. నవ్వుతూనే వేన్నీళ్ల గుడ్డతో ఆమె మణికట్టు కాచేవాడు. ఈ పని మానెయ్యమని ఆయన ఒకసారి కూడా అనలేదు. అందుకు సుందరికి ఆయనమీద ఎంత ప్రేమో చెప్పలేం.

ఒక సోమవారం పొద్దున సుందరి తొడుగులో చెయ్యి పెట్టేసరికి ఎర్రచెలిమల నుంచి ఏ చెయ్యీ అందలేదు. తెరమీద ఉసేనప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సుంకులమ్మ కళ్లు వాచి ఉన్నాయి.

"మా నాయన ఏం చేసినాడని సిస్టరమ్మా?" అని అడిగింది. "నిన్న మధ్యాన్నంకాడ నుంచి పొద్దుగూకేదాకా నువ్వు ఆయన చెయ్యి పట్టుకోనే ఉంటివి. మందు పొయ్యమని ఒక్క మాట చెప్పకపోతివి. నువ్వు పట్టుకోనుండావు గదా, ఏం భయం లేదులే అని నేను చేనికి పోతిని. వచ్చి చూస్తే పక్కబట్టంతా చెమటకు తడిసిపోయి ఉండాది. పెదిమ కొరుక్కున్నాడు, నెత్తురు కారింది. నన్ను ఎందుకు పిలవలేదు నాయనా అంటే ఈ రబ్బరు చెయ్యి పక్కకు చూపించినాడు. బేరం కుదిరిందంట. నువ్వు ఒప్పుకున్నావంట."

నిన్న ఆదివారం. సుందరి చర్చికి వెళ్లింది, అటునుంచి ఆడబిడ్డ ఇంట్లో భోంచేసి, కాస్త కునుకు తీసి, సాయంత్రం చీర మడతలు పెట్టుకుంది. ఆదివారాల్లో కేంద్రంలో ఒక్క నర్సే ఉంటుంది, ఎవరైనా ఫోన్‌లో గంట నొక్కితే పలుకుతుంది. అంతకుమించి ఆమెకు తెలిసిందేమీ లేదు. నిన్న ఫోన్‌లో నేను కనపడ్డానా అని అడిగింది. సుంకులమ్మ లేదంది. మాటలు మాత్రం కనపడ్డాయంది. సిస్టర్ మీతోనే ఉన్నారు అని.

సుందరి తొడుగు పీకి నేరుగా నడవ చివరి ప్రయోగశాలకు వెళ్లింది. ఆ యంత్రాన్ని తయారుచేసిన ఫణీంద్ర అక్కడే ఉంటాడు. బల్లమీద రబ్బరు చేతులు బెండకాయలు పోసినట్టు పోసి ఉన్నాయి. అందులో ఒకటి ఒంటరిగా కదులుతోంది. బొటనవేలు రెండుసార్లు గుండ్రంగా తిరిగి, కణుపు దగ్గర ఆగి, మెల్లగా నొక్కి, మళ్లీ తిరుగుతోంది. తన పిల్లలు నిద్రపోనప్పుడు సుందరి అలాగే నిమిరేది. అక్కడెవరి చెయ్యీ తొడుగులో లేదు. తన చెయ్యి తను లేకుండా పనిచేస్తుంటే చూడటం ఎలా ఉంటుందో ఆమెకు ఆ పూట తెలిసింది.

ఫణీంద్ర దాచలేదు. దాచాల్సిన తప్పని అతను అనుకోలేదు కూడా. నర్సుల చేతి కదలికలన్నీ తొడుగు గుర్తుపెట్టుకుంటుంది. ఏ రోగికి ఏ నిమురుడుతో ఊపిరి నెమ్మదిస్తుందో నేర్చుకుంటుంది. నర్సు లేని వేళ అదే చెయ్యి దానంతటదే నడుస్తుంది. అందరి చేతుల్లోకీ సుందరి చెయ్యి బాగా పనిచేసిందట. ఇప్పుడది జిల్లా దాటి ఎన్నో ఊళ్లలో ఒకేసారి నిమురుతోందట.

"మీరు గుప్పెడు మంది ఉన్నారు సుందరిగారూ. రోగులు ఊరూరా ఉన్నారు," అన్నాడు. "ఆ చెయ్యి లేకపోతే వాళ్లకు ఇంకేముంది? గోడ ఉంది."

అతని గొంతులో అబద్ధం లేదు. అదే సుందరికి ఇంకా కోపం తెప్పించింది. అయితే అది యంత్రమని వాళ్లకు చెప్పండి, ఇష్టమైనవాళ్లు పట్టుకుంటారు, కష్టమైతే గంట కొడతారు అంది. అతను తల అడ్డంగా ఊపాడు. చెప్పి చూశారట. యంత్రమని తెలిస్తే ఊపిరి నెమ్మదించడం లేదట. నర్సే పట్టుకుందని నమ్మితేనే పనిచేస్తుందట.

"ఉసేనప్ప కూడా నమ్మినాడు సార్," అంది సుందరి. "నమ్మి, పిడికిలి ఇచ్చినాడు. మీ యంత్రం దానిమీద చెయ్యి మూసింది. మాట ఇచ్చిందనుకుని ఆయన మాట మీద నిలబడినాడు. పొద్దుగూకేదాకా నిలబడినాడు. మీ లెక్కలో ఆ పూట ఎట్లా పడింది?"

ఫణీంద్ర తెర తిప్పి చూశాడు. రోగి చేతులు కదపలేదు, గంట కొట్టలేదు, ఎవరినీ పిలవలేదు. ప్రశాంతంగా ఉన్నాడని పడింది. సరిచేస్తానన్నాడు. సుందరికి సరిచెయ్యడం కాదు, ఆపడం కావాలి.

విషయం ట్రస్టు మేనేజరు దాకా పోయింది. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, చల్లగా చెప్పాడు. తొడుగు కేంద్రానిది, అందులో చేరిన కదలికలూ కేంద్రానివే. సుందరికి నచ్చకపోతే రాజీనామా ఇవ్వొచ్చు.

"మీరు వెళ్లినా మీ చెయ్యి ఉంటుందమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం సుందరి వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అంత గట్టిగా అరిస్తే దానియేలు స్టవ్ ఆర్పి పక్కన కూర్చున్నాడు. ఉంటే చెయ్యి దొంగిలిస్తారు, పోతే చేతినే ఉంచుకుంటారు, ఇదేం న్యాయం అని ఆమె ఏడ్చింది. ఆయన అంతా విని, ఎంజిన్ మరమ్మతు చేసే మనిషి అడిగే ప్రశ్నే అడిగాడు. అది ఏం చెయ్యగలదో సరే, ఏం చెయ్యలేదు? సుందరి కళ్లు తుడుచుకుంది. నిమరగలదు, నొక్కగలదు, పట్టుకుని ఉండగలదు. ఎవరేమన్నా కాదనడం మాత్రం దానికి చేతకాదు.

మర్నాడు ఉసేనప్పకు అంతా చెప్పింది. ఆయన గోడవైపే తిరిగి ఉన్నాడు గానీ వింటున్నాడని మెడ చెబుతోంది. ఆదివారం పట్టుకుంది నేను కాదు పెద్దాయనా, నా పేరు పెట్టుకున్న బొమ్మ, నిన్ను ఆ బాధలో వదిలిపెట్టి నేను ఇంట్లో పడుకున్నాను అంది. చాలాసేపటికి ఆయన ఇటు తిరిగాడు. తుండు పరిచాడు. సుందరి అయిదు వేళ్లూ కలిపి పట్టుకుని, మణికట్టు దాకా గుంజి, మళ్లీ అయిదూ పట్టుకున్నాడు. అంత నొప్పే ఉంటే మనిషి కళ్లు తెరిచి ఉండడు. ఇది అడ్డగోలు ధర. సుందరి కోపంగా చెయ్యి విదిలించుకుంది. తెరమీద ఉసేనప్ప నోరు తెరిచి చప్పుడు లేకుండా నవ్వాడు.

"కొత్త బేరగాడు వస్తే మా నాయన ముందు ఇట్లనే అడిగేది," అని సుంకులమ్మ చెప్పింది. "కొనేటోడైతే చీ అని చెయ్యి తీసుకుంటాడు. ఊరికే పొద్దుబుచ్చను వచ్చినోడైతే చెయ్యి అట్లనే పెట్టుకోనుంటాడు."

సుందరికి కావలసింది అదే. మధ్యాహ్నం భోజనాల వేళ నర్సులందరినీ కూర్చోబెట్టి, ఓణీ పరిచి, బేరం నేర్పింది. కొందరు పగలబడి నవ్వారు, కొందరు ఉద్యోగం పోతుందని భయపడ్డారు. నవ్వినవాళ్లూ భయపడ్డవాళ్లూ కూడా నేర్చుకున్నారు. ఎందుకంటే ప్రతి ఒక్కరి చెయ్యీ ఆ తొడుగులో ఉంది. వాళ్లు తమ రోగులకు నేర్పారు. ముందు అడ్డగోలు ధర అడగండి, చెయ్యి విదిలిస్తే మనిషి, విదిలించకపోతే వదిలేసి గంట కొట్టండి, మేం వచ్చేదాకా కొడుతూనే ఉండండి అని.

ఆ తర్వాతి ఆదివారాలు కేంద్రంలో తిరునాళ్లే. ఊరూరా గంటలు మోగాయి. ఉన్న ఒక్క నర్సూ ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్లకు పరుగులు పెట్టింది. అందరూ మెచ్చుకున్నారనుకుంటే పొరపాటు. నందవరం వైపు నుంచి ఒకామె ఫోన్ చేసి సుందరిని దులిపేసింది. మా అవ్వ ఆ చెయ్యి పట్టుకుని నిద్రపోయేది, బొమ్మో మనిషో మాకెందుకు, నీ పంతానికి ఆ నిద్ర కూడా పోగొడితివి అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంకెవరి చెయ్యీ దొరకని ఆ అవ్వకు తను బాకీ పడ్డానని అనిపించింది. అందుకని ఆదివారం చర్చి మానేసి బల్ల దగ్గరికి వచ్చింది. రెండో వారానికి మరో ఇద్దరు వచ్చారు. జీతం లేని ఆ పనిని ఎవరూ చెయ్యమనలేదు, మానమన్నా వాళ్లు మానలేదు.

మేనేజరు ఊరుకుంటాడా. సుందరిని బల్లమీద నుంచి తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అది చేతికి వచ్చిన రోజే ఉసేనప్పకు ఊపిరి గురగుర మొదలైంది. సుంకులమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, ఈరోజు గడవదేమో అక్కా అంది. అంతవరకూ సిస్టరమ్మ అన్న మనిషి ఆ పూట అక్కా అంది. సుందరి ఉత్తర్వును బల్లకింద బుట్టలో పడేసి తొడుగులో చెయ్యి పెట్టింది.

మేనేజరు వచ్చి లెమ్మన్నాడు. ఆమె లేవలేదు. నర్సులు తమ తమ తెరల మీంచి తలలు తిప్పి చూస్తున్నారు. ఆయన ఫణీంద్రను పిలిచి యంత్రాన్ని పెట్టమన్నాడు. ఫణీంద్ర వచ్చి మీట దగ్గర నిలబడ్డాడు, సుందరి ముఖంలోకి చూడకుండా నొక్కాడు. తొడుగు చల్లబడింది. ఆమె చేతిలోని ముసలి వేళ్లు మాయమయ్యాయి.

తెర మాత్రం వెలుగుతూనే ఉంది. రబ్బరు చెయ్యి సుందరిలాగే నిమురుతోంది, రెండుసార్లు గుండ్రంగా తిరిగి కణుపు దగ్గర ఆగుతోంది. తుండు కింద ఉసేనప్ప చెయ్యి కదిలింది. ఆ స్థితిలో కూడా ఆయన అయిదు వేళ్లూ పట్టి మణికట్టు దాకా గుంజాడు. రబ్బరు చెయ్యి విదిలించుకోలేదు. ప్రేమగా నొక్కింది. ఉసేనప్ప కళ్లు తెరిచాడు. ఒంట్లో మిగిలి ఉన్న సత్తువంతా భుజంలోకి తెచ్చుకుని ఆ చేతిని మంచం మీద నుంచి తోసేశాడు. అది నాపరాళ్ల నేలమీద పడి, వెల్లకిలా తిరిగి, గాలిని నిమురుతూ ఉండిపోయింది.

సుంకులమ్మ దాన్ని చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి ఫోన్ ముందు ఆడించింది. "మా నాయనకు ఇది వద్దంట. మనిషిని పంపీండి," అంది. ఆమె ఏడవడం లేదు. సంతలో గొడ్డుకు పళ్లు లేవని పట్టేసినప్పుడు తండ్రి ఎలా నిలబడేవాడో అలా నిలబడి ఉంది.

మేనేజరు ఏదో అనబోయాడు. ఫణీంద్ర ఆయన్ను చూడలేదు. తెరమీద ఇంకా కదులుతున్న ఆ రబ్బరు వేళ్లను చూస్తూ, చెయ్యి చాచి మీట వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత మీట నుంచి యంత్రానికి వెళ్లే తీగ కూడా పీకి జేబులో పెట్టుకున్నాడు. అందుకు తన ఉద్యోగం ఉండదని అతనికి తెలుసు. సుందరి చేతిలో తొడుగు వెచ్చబడింది.

సుందరి చెబితే సుంకులమ్మ ఆ చేతిని తిరిగి తుండు కింద పెట్టింది. ఉసేనప్ప మళ్లీ అయిదు వేళ్లూ అడిగాడు. సుందరి విదిలించుకుంది. ఆయన ముఖం తేటపడింది. అప్పుడు పిడికిలి ఇచ్చాడు. ఈసారి అది నిజం. సుందరి తగ్గించమని అడగలేదు. అరచెయ్యి మూసి, సుంకులమ్మా, డాక్టరుగారు చెప్పిన పై గీత దాకా పొయ్యమ్మా, నేను ఇక్కడే ఉన్నా అంది. మందు దిగాక బిగిసిన వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. ఉసేనప్ప బేరమాడటం మానేసి ఊరికే పట్టుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం దాటాక ఆ పట్టు కూడా పోయింది. సుందరికి తెరకన్నా ముందు చేతికే తెలిసింది. సుంకులమ్మ తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి, అక్కా, ఇంక తీసుకో అనేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు. తీశాక ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వలవలా ఏడ్చింది.

మేనేజరు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. రేపటి నుంచి మీరు రానక్కర్లేదు అన్నాడు. రేపు కూడా వస్తానని, కావాలంటే పోలీసులను పిలవమని సుందరి చెప్పింది. తక్కిన బల్లల దగ్గర ఒక్క నర్సు కూడా తొడుగులోంచి చెయ్యి తియ్యలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన గడియారం చూసుకుని, చెమట తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

బల్లమీద గంట మోగుతోంది. చాలాసేపటి నుంచి మోగుతోందని సుందరికి అప్పుడు తెలిసింది. ముక్కు తుడుచుకుని తొడుగులో చెయ్యి పెట్టింది. తెరమీద ఎవరో ముసలామె, తుంగభద్ర ఒడ్డు ఊరట, వడియాలు ఎండబెట్టుకుని బతికిన మనిషట, ఎడ్ల సంతకు జన్మలో పోలేదట. కొంగు తీసి చెయ్యిమీద కప్పింది. అయిదు వేళ్లూ పట్టుకుని మణికట్టు దాకా గుంజింది.

సుందరి చీ అని విదిలించుకుంది.

ముసలామె ఊపిరి వదిలి, మళ్లీ చెయ్యి అందుకుని, ఈసారి అసలు ధర చెప్పింది.